ఆకుకు దెబ్బ, వేరుకు పస్తు

లాస్ ఏంజెలిస్‌కు తూర్పున సుమారు 100 కిలోమీటర్ల దూరంలో శాన్ బెర్నార్డినో కొండలున్నాయి. 1950లలో అక్కడి పాండెరోసా పైన్ చెట్లకు అంతుపట్టని తెగులు కనిపించింది. సూదుల్లాంటి ఆకుల మీద పసుపు మచ్చలు. నాలుగైదేళ్లు కొమ్మను అంటిపెట్టుకుని ఉండాల్సిన ఆకులు ఏడాది, రెండేళ్లకే రాలిపోయి కొసన చిన్న కుచ్చు మాత్రం మిగిలేది. కారణం తెలియక దాన్ని ‘ఎక్స్ జబ్బు’ అన్నారు. 1960లలో గుట్టు తెలిసింది: నగరం నుంచి గాలివాటున కొండెక్కుతున్న ఓజోన్.

ఆకాశంలో ఎత్తున ఉండి మనల్ని కాచే ఓజోన్ పొర సంగతి కాదిది. వాహనాలు, కర్మాగారాలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు ఆవిర్లు ఎండకు చర్య జరిపి నేలమట్టాన పుట్టించే విషం. ఇది మట్టి లోతుకు దిగలేదు, పై పొర తగలగానే విచ్ఛిన్నమవుతుంది. మరి అది సోకిన చెట్ల వేళ్లెందుకు చిక్కిపోతాయి? ఆకలితో. పత్రరంధ్రాల్లోంచి దూరిన ఓజోన్ ఆకు కణాలను దెబ్బతీస్తుంది. చక్కెర తయారీ తగ్గుతుంది, తయారైనదాంట్లోనూ కొంత ఆకు మరమ్మతుకే పోతుంది. చెట్టు వడ్డనలో కడబంతిన కూర్చునేది వేరు. కొరత వస్తే ముందు ఖాళీ అయ్యేది దాని విస్తరే.

వెంట్రుకల్లాంటి పీచువేళ్లు తగ్గితే, వాటిని అల్లుకుని చక్కెరకు బదులుగా నీరు, భాస్వరం తెచ్చిచ్చే శిలీంధ్రాలకూ పస్తే. శాన్ బెర్నార్డినోలో కాలుష్యం ఎక్కువున్న చోట పైన్ వేళ్ల బరువు బాగా తక్కువగా తేలింది. పొగతో వచ్చి నేలలో పడే నత్రజనికీ అందులో పాత్ర ఉంది. అలాంటి చెట్టు కరువుకు తాళలేదు, బెరడు పురుగుకు లొంగిపోతుంది. చూసేవారికి పురుగు ఒక్కటే కనిపిస్తుంది.

అమెరికాలోనే విస్కాన్సిన్‌లో, రైన్‌లాండర్ దగ్గర ఆరుబయట 12 వలయాల్లో ఆస్పెన్, బిర్చ్, మేపుల్ మొక్కలు పెంచి, 1998 నుంచి పైపులతో కార్బన్ డయాక్సైడ్, ఓజోన్ వదిలారు. నాలుగేళ్లకు, కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే పెంచిన వలయాలతో పోలిస్తే రెండూ పెంచినచోట నేలలో కొత్తగా చేరిన కర్బనం సుమారు సగమే. 2003లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఈ లెక్క నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. గాలిలో పెరిగిన కర్బనాన్ని అడవులే నేలలో దాచేస్తాయన్న ధీమా మీదే కదా ఎన్నో ప్రణాళికలు నడుస్తున్నాయి!

అన్ని చెట్లూ ఒకేలా స్పందించవు. మ్యూనిక్ సమీపంలోని క్రాంజ్‌బర్గ్ అడవిలో ఓజోన్ రెట్టింపు చేస్తే పెద్ద బీచ్ చెట్ల పీచువేళ్ల సంఖ్య పెరిగింది. విస్కాన్సిన్‌లోనూ తట్టుకునే చెట్లు పైచేయి సాధించాక ప్రభావం తగ్గింది. దాన్ని ఊరట అనుకోలేను. తట్టుకోలేనివి వెనకబడితేనే కదా ఆ లెక్క కుదిరింది.

మన దేశ అడవుల్లోని కర్బనంలో సగానికి పైగా మట్టిలోనే ఉందని అటవీ సర్వే నివేదికలే చెబుతున్నాయి. ఓజోన్‌కు మనం పెట్టుకున్న హద్దు ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. కొలిచే యంత్రాలు మాత్రం ఎక్కువగా నగరాల్లోనే ఉన్నాయి. నడిబొడ్డున వాహనాల పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ను కొంత మింగేస్తుంది. ఊరు దాటాక, గాలివాలున అది పెరుగుతుంది. అందుకే అనంతగిరిలోనో నల్లమల అంచునో ఒక యంత్రం నిలపాలి. దాని పక్కనే ఏటా మట్టి తవ్వి, పీచువేళ్లు కడిగి, ఆరబెట్టి తూచాలి.