ఆ వేళప్పుడు ఆమెకేం పని?

ఈమధ్య నీటిరంగులతో బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నాను. రాత్రివేళ ఒక వీధి, అందులో ఒక మనిషి. ఇదీ మాస్టారు ఇచ్చిన పని. మా పెదకూరపాడు స్టేషన్ రోడ్డునే ఎంచుకున్నాను.

చీకటంటే నలుపు కాదని అప్పుడే తెలిసింది. ముదురు నీలంలో గోధుమరంగు కలిపితేనే రాత్రికి లోతు వస్తుంది. ఉత్త నలుపు వేస్తే మసి పూసినట్టుంటుంది. ఇక దీపం వెలుగు కోసం కాగితాన్ని ముందే తెల్లగా వదిలిపెట్టుకోవాలి. తర్వాత తెల్లరంగు అద్దినా ఆ కాంతి రాదు.

మొదటి బొమ్మలో దీపస్తంభం కింద లుంగీ కట్టిన మగమనిషిని నిలబెట్టాను. "ఎంత ఏకాంతం!" అని అందరూ మెచ్చుకున్నారు. రెండోదాంట్లో అదే వీధి, అదే దీపం. మనిషి మాత్రం స్త్రీ. వెంటనే ప్రశ్నలు మొదలయ్యాయి. ఈ వేళప్పుడు ఎక్కడికి? ఎవరికోసం చూస్తోంది? ఒకాయన నవ్వుతూ అన్నమాట ఇక్కడ రాయలేను. ఆమె చేతిలో మందుల సంచి పెడితే బాగుంటుందని మాస్టారి సలహా.

మగవాడు నిలబడితే ఏకాంతం. ఆడది నిలబడితే సంజాయిషీ!

మిరపకోతల రోజుల్లో తెల్లవారకముందే ఆటోల కోసం రోడ్డుమీద నిలబడే కూలీ స్త్రీలను మాత్రం ఎవరూ ఇలా అడగరు. అంటే చీకట్లో మన శ్రమకు అభ్యంతరం లేదు, మన ఇష్టానికే అభ్యంతరం.

ఒక్కోసారి శ్రమనీ ఆపుతారు, రక్షణ పేరుతో. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్త్రీలకు రాత్రిపని నిషేధించింది. అది వివక్ష అని 2000లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. అయినా ఆలోచన మారిందా? 2024 ఆగస్టులో కలకత్తా ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టర్‌పై అత్యాచారం చేసి చంపేశారు. ఆగస్టు 14 రాత్రి వేలాది స్త్రీలు, రాత్రి మాది కూడా అంటూ వీధుల్లోకి వచ్చారు. కొద్దిరోజులకే అక్కడి ప్రభుత్వం, వీలైనంతవరకు స్త్రీలకు రాత్రి డ్యూటీలు వేయొద్దని సూచించింది. నేరం చేసినవాడు మగవాడు, ఇంట్లో ఉండాల్సింది మనమా?

స్త్రీని బొమ్మలోంచి చెరిపేయడం తేలిక. వీధిదీపం, రాత్రి బస్సు, తలుపున్న మరుగుదొడ్డి ఏర్పాటు చేయడానికే ఖర్చు. కాగితం మీద లాగే ఊళ్లోనూ వెలుగుకు ముందే చోటు వదలాలి. గ్రామసభలో పనుల జాబితా రాసేటప్పుడే మనం పట్టుబట్టాలి, ఏదో జరిగిపోయాక కాదు.

నా బొమ్మలో మందుల సంచి పెట్టలేదు. ఆమె అక్కడ ఊరికే నిలబడి ఉంది.