అండమాన్ ప్యాకేజీలో నాలుగో రోజు



మొన్న ఇచ్చోడలో చాయ్ తాగుతుంటే ఒక దోస్తు ఫోన్‌ల టూర్ ప్యాకేజీ చూపెట్టిండు. కొత్తగా సర్కారు నౌకరీ వచ్చింది. అవ్వను, నాయినను అండమాన్ తీసుకపోతడట. హైదరాబాద్ నుంచి విమానం, దీవుల నడుమ క్రూయిజ్ ఓడ, హోటల్, మూడు పూటల తిండి, అన్నీ కలిపి ఒకటే రేటు. సముద్రం ఎన్నడూ చూడని మనోళ్లు ఓడ ఎక్కుతున్నరంటే నాకు సంబురమే అయింది.

కానీ నాలుగో రోజు కాడ నా కన్ను ఆగింది. "తెల్లవారుజామున బారాటాంగ్ ప్రయాణం, సున్నపురాయి గుహలు. అదృష్టం బాగుంటే దారిలో జారవాలు కనిపిస్తారు" అని రాసి ఉంది.

అదృష్టం బాగుంటే! జన్నారంలో కవ్వాల్ సఫారీ ఎక్కినోళ్లు పులి గురించి ఇట్లనే అనుకుంటరు. జారవాలు పులులు కాదు, మనలాంటి ఆదివాసులు. కొన్ని వందల మందే మిగిలిన్రు. వాళ్ల అడవిని చీల్చుకుంట అండమాన్ ట్రంక్ రోడ్డు వేసిన్రు. రిజర్వు అడవిలో ఆ రోడ్డును మూసెయ్యాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అయినా బండ్లు నడుస్తనే ఉన్నయి. బయటోళ్లతో కలిసిన కొద్ది కాలానికే, 1999లో, వాళ్లకు తట్టు సోకింది. తిండి ఆశ చూపి జారవా ఆడబిడ్డలను ఆడించిన వీడియోను 2012లో బ్రిటన్ పత్రిక 'ది అబ్జర్వర్' బయటపెడితే దేశమంతా తల దించుకుంది.

పక్కనే ఉన్న గ్రేట్ అండమానీల సంగతి ఇంకా ఘోరం. 1858లో బ్రిటిషోళ్లు అక్కడ ఖైదీల స్థావరం పెట్టినప్పుడు వాళ్లు వేలల్లో ఉండేటోళ్లు. ఇప్పుడు యాభై మందికి అటూ ఇటూ. 2010లో బోవా సీనియర్ అనే ముసలవ్వ చనిపోతే, ఆమెతోనే 'బో' భాష కూడా పోయింది.

దోస్తు అన్నడు: "రూల్స్ ఉన్నయి కదా. పోలీసు కాపలాతోనే బండ్లు పంపుతరు. ఆగొద్దు, ఫోటో తీయొద్దు. మేం గుహలు చూస్తందుకే పోతున్నం."

నిజమే, రూల్స్ ఉన్నయి. ఆ రోడ్డు మీద స్థానికుల అవసరాలు కూడా ఉన్నయి. అది వేరే చర్చ. కానీ ఆగకున్నా, ఫోటో తీయకున్నా, బండి కిటికీలకెళ్లి మనం వెతికేది ఎవరిని? దండారి నాడు గుస్సాడీ వేసిన మనోళ్ల పక్కన, అడగకుండనే నిలబడి సెల్ఫీ దిగుతరు. అప్పుడు మనకు ఎట్లుంటది? మా దేవుడి వేషం, మీ తమాషా కాదని మనం అంటం. జారవాలు ఆ మాట మన భాషలో చెప్పలేరు. వాళ్ల తరఫున ఆ మాట మనమే చెప్పాలె.

అందుకే ఉద్యోగాలొచ్చిన అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు నేను చెప్పేది ఒక్కటే. అండమాన్ పోండ్రి. సెల్యులార్ జైలు చూడుండ్రి, సముద్రంల తానం చేయుండ్రి. బుక్ చేసే ముందు మాత్రం ఏజెంటును అడగుండ్రి: బారాటాంగ్‌కు ఏ దారిన తీసుకపోతవు? సముద్రం మీదికెళ్లి అయితే సరే. జారవాల అడవిలకెళ్లి అయితే ఆ రోజును కొట్టేయమనుండ్రి. ఎందుకు వద్దంటున్నరో కూడా చెప్పుండ్రి. అడిగేటోళ్లు పెరిగితేనే అమ్మేటోళ్లు మారుతరు.

మన జల్, జంగల్, జమీన్ మీద హక్కు అడిగే మనం, ఇంకో ఆదివాసి అడవిల టికెట్ కొని తిరగొద్దు.

జై ఆదివాసీ!