గైరుహాజరు దినముల గణన

సాలూరు ప్రాంతమునుండి సైన్యమున జేరిన యువకుడు సెలవుపై ఇంటికి వచ్చి తిరిగి తన పటాలమును జేరవలెనన్న, బొబ్బిలికో విజయనగరమునకో పోయి రైలెక్కవలయును. నడుమ తుపాను వచ్చెనా, లెక్క తప్పును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినప్పుడు రైళ్లును టెలిఫోనులును స్తంభించుట మన పాఠకులు మఱచియుండరు. అట్టివేళ సెలవు మీఱిన సిపాయి దోషియా? ఆ దినముల నెట్లు లెక్కింతురు?

1950వ సంవత్సరపు సైనిక చట్టము, 39వ సెక్షనున, సెలవు లేక గైరుహాజరగుటను, తగిన కారణము లేక సెలవు మీఱుటను నేరములుగా బరిగణించి, మూడేండ్లవఱకు ఖైదు విధింపవచ్చు నన్నది. "తగిన కారణము లేక" యను మాటయే నిర్దోషికి రక్ష. ఇక జీతపు కోత. సెలవులేని ప్రతిదినపు జీతభత్యములును కోతకు లోనగును. ఆ దినమన నేమో 92వ సెక్షను చెప్పుచున్నది. ఎడతెగక 6 గంటలు లేనిదే దినముగా నెంచరాదు. అంతకు తక్కువయైనను, అతని విధి వేఱొకని నెత్తిన బడినచో దినముగా నెంచవచ్చును. 12 గంటలో అంతకు మించియో అయినచో, అది తాకిన ప్రతి తేదీయు పూర్తిదినముగా నెంచవచ్చును. సోమవారము సాయంకాలము 6 గంటలకు రావలసినవాడు మంగళవారముదయము 7 గంటలకు వచ్చెనేని, 13 గంటలకే రెండుదినముల జీతము పోవచ్చును.

ఒకడు రానిచో తోడివాడు నిద్రమాని కావలి కాయవలయును గదా! కావున నీ కాఠిన్యము నిర్హేతుకము గాదు. కాని చట్టము "ఎంచవచ్చును" అన్నదే గాని "ఎంచవలయును" అనలేదు. వచ్చిన గంటయు, జాప్యమునకు హేతువును వ్రాసి, సిపాయికి జూపి చేసిన లెక్కయే న్యాయమని మా యభిప్రాయము.

కుటుంబములకు నొక హెచ్చరిక. 30 దినములు గడచినచో 106వ సెక్షను ప్రకారము విచారణ జరిగి గైరుహాజరు ప్రకటింపబడును. పిదప లొంగిపోనివాడు, పట్టుబడనివాడు పలాయితుడుగా నెంచబడును. రోగమైనను, వరదయైనను, భయముచే బిడ్డను ఇంట దాచుట ప్రేమ గాదు. ఆనాడే పటాలమునకు తెలుపుడు. వైద్యుని పత్రమును, రైలు రద్దైన ఋజువును భద్రపఱుపుడు. చదువురాని తల్లిదండ్రులకు ఆ లేఖ వ్రాసిపెట్టుట పఠనమందిరములకు వచ్చు మన చదువరుల విధి. అదియు దేశసేవయే.