పఠన పరిశోధన – తెలుగు బడి

ఎం.ఏ. పట్టా చేతికి వచ్చిన విద్యార్థి ముందున్న దారులు ఏవి అని ఎవరిని అడిగినా ఉపాధ్యాయ నియామక పరీక్ష, గ్రూపు పరీక్షలు, బ్యాంకు ఉద్యోగం అనే మూడు నాలుగు మాటలే వినవస్తాయి. పరిశోధన ప్రసక్తి వస్తే తెలుగు శాఖలో ప్రబంధ వర్ణనలు తలపునకు వస్తాయి. పిల్లవాడు అక్షరాన్ని చూచి మాటను ఎట్లా పట్టుకొంటాడు, తల్లి భాష మీద రెండవ భాష ఎట్లా నిలుస్తుంది అన్న ప్రశ్నలు సైతం జీవితమంతా వెచ్చించదగిన శాస్త్ర విషయాలనీ, వాటినే వృత్తిగా చేసుకొన్న పండితులు దేశదేశాల విశ్వవిద్యాలయాలలో ఉన్నారనీ విద్యార్థికి చెప్పేవారు అరుదు. ఈ శాస్త్రానికి కావలసిన సామగ్రి తెలుగు బడులలో ప్రతిదినం పుష్కలంగా పుడుతున్నది. దానిని ఏరి, కొలిచి, అర్థం చెప్పేవారే చాలినంతమంది లేరు.

ఈ శాస్త్రం నిన్న మొన్నటిది కాదు. 19వ శతాబ్దం చివరి భాగంలో, పారిస్ నగరంలో ఎమిల్ జవాల్ అనే నేత్రవైద్యుని ప్రయోగశాల నుండి ఒక విచిత్రమైన సంగతి వెలువడింది. చదివేటప్పుడు కన్ను పంక్తి వెంట నీటివలె జారిపోదు. గంతులు వేస్తూ, నడుమ నడుమ ఆగుతూ పోతుంది. లైప్‌జిగ్‌లో వూంట్ పండితుని శిష్యుడైన అమెరికన్ విద్యార్థి కాటెల్ మరొక విషయం కొలిచి చూపాడు. క్షణకాలం చూపితే పొంతనలేని అక్షరాలను మూడు నాలుగు మాత్రమే పట్టుకొనే కన్ను, అక్షరాలు మాటగా కూడినప్పుడు అంతకంటె చాల ఎక్కువ పట్టుకొంటుంది. అమెరికాలోనే ఎడ్మండ్ హ్యూయీ పారిస్ ప్లాస్టరుతో చిన్న గిన్నె చేసి, మందు వేసి తిమ్మిరెక్కించిన కనుగ్రుడ్డు మీద దానిని అమర్చి, తేలికైన అల్యూమినియం ముల్లు తగిలించి, మసిపట్టించిన డోలు మీద కంటి గంతులను గీయించాడు. పఠన మనస్తత్వంపై అతని గ్రంథం 1908లో వచ్చింది. 1913లో, నడివయస్సులోనే అతడు మరణించాడు. తరువాత మనస్సులోపలి వ్యవహారాలను గూర్చి మాట్లాడడమే అశాస్త్రీయమనే వాదం ప్రబలడంతో ఆ గ్రంథం మూలబడి, 1968లో గాని మరల అచ్చు కాలేదు. ఈ రంగంలోకి రాదలచిన యువకులు ఈ కథను తెలుసుకొని రావడమే మంచిది. ఇక్కడ పని ఫలించేది తరచు పనిచేసినవాని తరువాతనే.

1975లో మకాంకీ, రేనర్ అనే ఇద్దరు పరిశోధకులు చక్కని ఉపాయం పన్నారు. పాఠకుడు తెర మీద వాక్యం చదువుతూ ఉంటాడు. అతని చూపు నిలిచిన చోట కొన్ని అక్షరాలు మాత్రం సరిగా కనిపించి, తక్కినవి అర్థంలేని అక్షరాలుగా మారిపోతాయి. చూపు కదిలితే ఆ కిటికీ కూడ కదులుతుంది. కిటికీ ఎంత ఇరుకైతే చదువు కుంటుపడుతుందో గమనించి, ఒక్క నిలుపులో కన్ను ఎంత మేర వాడుకొంటుందో లెక్కకట్టారు. ఈ పద్ధతిలో సాగిన పరిశోధనల వలన ఆంగ్ల పాఠకుడు చూపు నిలిచిన చోటికి ఎడమ ప్రక్క 3, 4 అక్షరాలు, కుడి ప్రక్క 14, 15 అక్షరాల మేరకు ఏదో ఒక సమాచారం గ్రహిస్తాడని తేలింది. కుడి నుండి ఎడమకు సాగే హీబ్రూ చదివేటప్పుడు ఈ మొగ్గు తారుమారవుతుందని 1981లో నిరూపించారు. అనగా చూపు ఏ వైపు ఎంత సాగాలో నేర్పేది లిపియే.

ఈ లెక్కలు తెలుగుకు ఎట్లా అతుకుతాయి? ఆంగ్ల అక్షరాలు చీమలబారువలె ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. తెలుగులో హల్లు నడుమ కూర్చుంటే గుడి నెత్తికెక్కుతుంది, ఒత్తు కాళ్ళ దగ్గర చేరుతుంది. ‘స్త్రీ’ అనే చోట మూడు హల్లులు, ఒక అచ్చు ఒకే ముద్దగా గుమికూడుతాయి. పైగా ‘వెళ్ళలేకపోయినవాళ్ళలో’ అనే ఒక్క మాటకు ఆంగ్లంలో నాలుగైదు మాటలు ఖర్చు చేయాలి. 35 హల్లులకు 12 గుణింతాల చొప్పున లెక్క వేసినా, ఒత్తులు చేరకముందే, పిల్లవాడు పోల్చుకోవలసిన రూపాలు 420. 26 అక్షరాల లిపి చదివేవారి మీద తయారైన కొలబద్ద ఇక్కడ యథాతథంగా పనిచేస్తుందని భావించడం భ్రమ. కొత్త కొలబద్దను తయారుచేయవలసినవాడు తెలుగు చదవగలవాడే కావాలి.

అంతకంటె లోతైన విషయం ఒకటి ఉన్నది. 1979లో మొరాయిస్, అతని సహచరులు పోర్చుగల్‌లో చదువురాని పెద్దలకు ఒక మాట చెప్పి, దాని మొదటి ధ్వనిని తీసివేసి తక్కినది పలకమన్నారు. చాలమందికి అది సాధ్యం కాలేదు. పెద్దవయస్సులో చదువు నేర్చుకొన్న వారు మాత్రం బాగుగానే చేశారు. 1986లో చైనాలో జరిగిన పరిశోధన మరొక అడుగు వేసింది. సంప్రదాయ చైనా లిపి మాత్రమే నేర్చినవారు, చక్కగా చదవగలవారై ఉండి కూడ, ఈ పనిలో తడబడ్డారు. మాటను విడివిడి వర్ణాలుగా చీల్చి వినడం పుట్టుకతో వచ్చే విద్య కాదనీ, చాలవరకు వర్ణమాల లిపి నేర్చినందువలన అబ్బే ఫలమనీ అప్పుడు తెలియవచ్చింది.

తెలుగు అక్షరం వర్ణం కాదు. హల్లూ అచ్చూ కలిసిన జంట. ‘కమల’లో మొదటి అక్షరం తీసివేయమంటే రెండవ తరగతి పిల్లవాడు వెంటనే ‘మల’ అంటాడు. హల్లును మాత్రం తీసి అచ్చును ఉంచి, ‘అమల’ అని చెప్పమంటే బిత్తరపోతాడు. సోదర భాష అయిన కన్నడంలో ప్రకాశ్ పడకన్నాయ, ప్రతిభా కారంత్ ప్రభృతులు 1993లో ప్రకటించిన పరిశోధన ఇట్టి పని పిల్లలకు ఎంత కష్టమో చూపింది. సోనాలి నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధనను బట్టి, కన్నడ బాలుర అక్షర పరిచయం మొదటి రెండు తరగతులతో ముగియక నాలుగవ తరగతి దాకా సాగుతూ ఉంటుంది. వర్ణాలను విడదీసే నేర్పు ఇంకా నెమ్మదిగా వస్తుంది. తెలుగు పిల్లల ధ్వని పరిజ్ఞానంపై ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర శాఖకు చెందిన దుగ్గిరాల వసంత పరిశోధన 2004లో వెలువడింది. ఇట్టివి పదింతలు రావలసి ఉన్నది.

తెలుగు పండితులు ఆలోచించదగిన సంగతి ఇందులోనే ఇమిడి ఉన్నది. సంధి పాఠం వచ్చేసరికి పిల్లలు బెదరడం ప్రతి ఉపాధ్యాయునికీ అనుభవమే. ‘రాముడు + అతడు = రాముడతడు’ అనే చోట ‘డు’లోని ఉకారం లోపించిందని చెబుతారు. అక్షరాన్ని అఖండంగా చూడడానికి అలవాటుపడిన పిల్లవాని చెవికి ‘డు’లో విడిగా తీయదగిన ఉకారం ఒకటి ఉన్నదా? సూత్రం వల్లె వేయించినందువలన ఆ చెవి తెరచుకొంటుందా, లేక వర్ణాలను విడదీసే ఆటలు ముందుగా ఆడించాలా? కావ్యాలపై వందలకొలది సిద్ధాంత గ్రంథాలు వ్రాసిన తెలుగు శాఖలు ఈ చిన్న ప్రశ్నకు ఒక్క గ్రంథం కేటాయించినా కావ్యాలకు లోటు రాదు.

రెండవ భాష సంగతి ఇంతకంటె చిక్కయినది. 2003లో సీమోర్, అతని సహచరులు 13 యూరపు భాషల పిల్లలను పోల్చారు. మొదటి ఏడాది ముగిసేసరికి ఫిన్లండు పిల్లలు తెలిసిన మాటలలో 98 శాతం సరిగా చదివితే, ఆంగ్లం నేర్చే స్కాట్లండు పిల్లలు 34 శాతం మాత్రమే చదివారు. స్కాట్లండు పిల్లలు మందమతులు కారు. ఓ-యు-జి-హెచ్ అనే ఒకే గుంపును ‘టఫ్’లో ఒక విధంగా, ‘త్రూ’లో ఒక విధంగా, ‘దో’లో ఇంకొక విధంగా పలికించే ఆంగ్ల వర్ణక్రమమే అందుకు ముఖ్య కారణం. ఇంట ఆ భాష వినే పిల్లలకే అంత కాలం పడితే, ఆ భాషను బడిలో మాత్రమే వినే పిల్లవాని గతి ఏమిటి?

తప్పులను గూర్చిన దృష్టి కూడ మారింది. విద్యార్థి చేసే తప్పు అతని బుద్ధి లోపలి వ్యాకరణానికి సాక్ష్యమని పిట్ కార్డర్ 1967లో వాదించాడు. నేర్చుకొనేవాని భాష మాతృభాషా కాదు, లక్ష్యభాషా కాదు, నడుమనున్న స్వతంత్ర వ్యవస్థ అని 1972లో సెలింకర్ దానికి ఒక పేరే పెట్టాడు. తెలుగు బాలుడు ‘యెస్టర్‌డే ఓన్లీ హి కేమ్’ అంటే అది అజ్ఞానం కాదు, ‘నిన్ననే’ అనే మాటలోని ఏకారానికి ఆంగ్లవేషం. ‘బస్సు’, ‘రోడ్డు’ అని ఉకారం చేర్చడం అచ్చుతో అంతమయ్యే తెలుగు మాటల అలవాటు. ఎర్ర సిరాతో కొట్టివేయబడుతున్న ఈ వాక్యాలను పోగుచేస్తే అదే ఒక పరిశోధన భాండాగారం.

ఇట్టి పనికి పెద్ద ప్రయోగశాల తప్పనిసరి అని అనుకోనక్కర లేదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడి పంతులు. కొండలలోని సవరల భాషను పెద్దవయస్సులో నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలోనే వాచకాలు తయారుచేశాడు. అతని సవర భాషా వ్యాకరణం 1931లో, సవర–ఆంగ్ల నిఘంటువు 1938లో వెలువడినవి. ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్ బెంగాలీ పిల్లలకు మాట్లాడే ఆంగ్లం కంటె చదివే ఆంగ్లం ముందు కావాలని వాదిస్తూ 1926లో వ్రాసిన గ్రంథం ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. ఎన్.ఎస్. ప్రభు 1979 నుండి 1984 వరకు దక్షిణాది బడులలో నడిపిన బెంగుళూరు ప్రయోగాన్ని ఆంగ్ల బోధకులు నేటికీ ప్రస్తావిస్తున్నారు. ఈ ముగ్గురికీ ప్రశ్న తరగతి గదిలోనే దొరికింది.

నేడు ఆ ప్రశ్నకు తొందర వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ఒకటి నుండి ఆరవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమానికి ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసింది. అదే సంవత్సరం వచ్చిన జాతీయ విద్యావిధానం, వీలైనంతవరకు, కనీసం అయిదవ తరగతి దాకా ఇంటి భాషలో చదువు చెప్పాలన్నది. తెలంగాణ ప్రభుత్వం 2022–23 నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టింది. ఇంగ్లీషు లేనిదే బ్రతుకు లేదని ఒక పక్షం, తెలుగు పోతే జాతి పోతుందని ఒక పక్షం వాదించాయి. రెండు పక్షాలకూ ఆవేశం సమృద్ధిగా ఉన్నది. కొలతలు మాత్రం తక్కువ. 2005లో మొదలైన అసర్ సర్వే దేశపు గ్రామాలలో అయిదవ తరగతి పిల్లలలో దాదాపు సగం మందే రెండవ తరగతి పాఠం చదవగలరని చెబుతూ వస్తున్నది. తక్కినవారు గుణింతం దగ్గర ఆగిపోయారా, ఒత్తు దగ్గరనా, మాట పలికినా అర్థం అందకపోవడం వలననా అన్నది విడదీసి చెప్పడం పరిశోధకుని పని. కారణం తెలియని జ్వరానికి మందు మార్చినందువలన ప్రయోజనం లేదు.

ఈ దారిలో నడవదలచిన విద్యార్థికి తలుపులు మూసి లేవు. భాషాశాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, విద్యాశాస్త్రం, తెలుగు – ఏ శాఖ ద్వారానైనా ప్రవేశించవచ్చు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో మెదడు, మనస్సులను అధ్యయనం చేసే ప్రత్యేక కేంద్రం ఉన్నది. 1958లో పుట్టిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా అదే నగరంలో ఉన్నది. మైసూరులో 1969 నుండి భారతీయ భాషల కేంద్రీయ సంస్థ పనిచేస్తున్నది. యు.జి.సి. పరీక్షలో పరిశోధక వృత్తికి ఎంపికైన వారికి 2023 నుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు లభిస్తున్నవి. అయితే ఆ తరువాత? స్థిరమైన ఉద్యోగాలు కొద్ది, విశ్వవిద్యాలయాలలో ఖాళీలు ఏండ్ల తరబడి నిండవు. ఈ కష్టాన్ని దాచి యువకులను పిలవడం న్యాయం కాదు. గణాంకశాస్త్రం, కొంత కంప్యూటరు విద్య, ఆంగ్లంలో వ్రాయగల నేర్పు లేనిదే ఈ రంగంలో అడుగు పడదన్నది కూడ వారికి ముందే చెప్పాలి.

ఇక్కడి పరిశోధకునికి ఇతరులకు లేని అనుకూలత మాత్రం ఉన్నది. హైదరాబాదు నిమ్స్ వైద్యురాలు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, రెండు భాషలు వచ్చినవారికి ఆ వ్యాధి నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా సంక్రమించినదని 2013లో ప్రకటించారు. చదువురాని వారిలో సైతం ఈ భేదం కనిపించింది. పూర్వం చెప్పిన దుగ్గిరాల వసంత ఆ బృందంలో ఒకరు. పాశ్చాత్య దేశాలలో రెండు భాషల వారు తరచు వలస వచ్చినవారు కావడం వలన, ఫలితం భాషదా వలసదా అని తేల్చడం కష్టం. తెలుగు, ఉర్దూ, హిందీ ఒకే వీధిలో వినబడే నగరంలో ఆ చిక్కు చాలవరకు తొలగింది. ఆ ఫలితంపై ఇతర దేశాలలో వాదం ఇంకా ముగియకపోయినా, హైదరాబాదును వదలి ఆ వాదం సాగదు.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలు పఠన మనస్తత్వానికి ఒక పూర్తి పాఠ్యభాగం కేటాయించాలి. పనిలో ఉన్న ఉపాధ్యాయులకు జీతంతో కూడిన సెలవు ఇచ్చి పరిశోధనకు పంపాలి; పట్టా పుచ్చుకొన్నవారిని తిరిగి వారి బడులకు పంపి, అక్కడే పని కొనసాగించే వీలు కల్పించాలి. రెండు రాష్ట్రాలలోనూ ఇప్పుడు ద్విభాషా పాఠ్యపుస్తకాలు పిల్లల చేతిలో ఉన్నవి: ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం. మూడవ తరగతి పిల్లవాడు ఆ పుస్తకం తెరచినప్పుడు చూపు మొదట ఏ పుట మీద వ్రాలుతుంది, ఎక్కడ చిక్కుకొని ప్రక్క పుటకు దాటుతుంది, దాటి తిరిగి వస్తుందా, రాదా – కంటి గంతులను కొలిచే యంత్రం ఒకటి, ఓపికగల తెలుగు పరిశోధకుడు ఒకడు, తలుపు తీసి రానిచ్చే ప్రధానోపాధ్యాయుడు ఒకడు ఉంటే ఒక్క విద్యా సంవత్సరంలో ఈ పని మొదలుపెట్టవచ్చు.