ఆడలేక మద్దెల ఓడు: పెద్ద ఫోల్డరుపై మోపిన నేరం

పాత పత్రికల పుటలను స్కాను చేసి కంప్యూటరులో దాచుకునే మిత్రులు మనలో తక్కువేమీ కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి పుటకొక టిఫ్ బొమ్మ చొప్పున ఓపికగా పుస్తకాలు దించుకున్నవారూ ఉన్నారు. వారందరికీ పరిచితమైన బాధ ఒకటుంది. ఫోల్డరు మీద నొక్కగానే కిటికీ తెరుచుకుంటుంది. లోపల ఏమీ కనిపించదు. పైన ఆకుపచ్చ గీత ఒకటి నత్తనడకన సాగుతూ ఉంటుంది. ఎవరినైనా అడిగితే మూడు సలహాలు సిద్ధం: "అన్నీ ఒకేచోట పెడితే అంతే", "సగం తీసి పారెయ్యండి", "కొత్త కంప్యూటరు కొనండి". మూడింటిలోనూ నేరం ఫోల్డరుది, శిక్ష మనకు. ఈ తీర్పు తప్పని నా వాదన.

ముందు లెక్క చూద్దాం. సంచికకు 70 పుటలున్న మాసపత్రిక 12 సంవత్సరాలకు 144 సంచికలు. పుటకొక బొమ్మ అనుకుంటే 10,080 ఫైళ్ళు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫోల్డరంటే క్రమంలో పేర్చిన పేర్ల సూచిక. పదివేల పేర్లున్నా ఆ సూచిక ఒకటి రెండు మెగాబైట్లకు మించదు. దాన్ని చదవడం పాత యంత్రానికైనా పెద్ద పని కాదు. అనుమానమున్నవారు కమాండ్ ప్రాంప్టు తెరచి, ఆ ఫోల్డరులోకి వెళ్ళి, డిర్ ఆదేశమిచ్చి చూడండి. పేర్లు జలజలా రాలిపోతాయి. అదే డిస్కు, అదే ఫోల్డరు, అవే ఫైళ్ళు.

మరి ఆలస్యం ఎక్కడిది? ఫైల్ మేనేజరు పేర్లతో తృప్తి పడదు. విండోస్ ఎక్స్‌ప్లోరరు లోపలి సరుకును చూసి ఫోల్డరుకు ఒక జాతిని అంటగడుతుంది: బొమ్మలు, పాటలు, వీడియోలు, పత్రాలు, సాధారణం. బొమ్మలని తేల్చిందా, సూక్ష్మచిత్రాల తయారీకి పూనుకుంటుంది. ఫొటో తీసిన తేదీని బట్టి వరుస పెట్టే అమరిక ఉంటే మరీ కష్టం. ఆ తేదీ ఫైలు కడుపులో ఉంటుంది. ముందే ఎక్కడా నమోదై ఉండకపోతే ఒక్కొక్క ఫైలునూ తెరిచి చూడవలసిందే. తెరిచిన ఫైలును వైరస్ కాపలాదారు సోదా చేయడం ఆపై తంతు. తిరిగే హార్డు డిస్కులో ముల్లు ఒకచోటి నుంచి మరొకచోటికి చేరడానికి సుమారు 10 మిల్లీసెకండ్లు పడుతుంది. ఫైలుకు ఒక్కసారి కదిలినా 10,080 ఫైళ్ళకు 100 సెకండ్లు దాటుతాయి. గ్రంథాలయంలో పుస్తకాల పట్టిక అడిగితే, ఆ ఉద్యోగి బీరువాలన్నీ తెరిచి ప్రతి పుస్తకం ముఖచిత్రాన్నీ గీసి తెస్తానంటే ఎలా ఉంటుంది? ఆలస్యమైందని పుస్తకాలను నిందిస్తామా?

చికిత్స సులభం. ఫోల్డరు మీద కుడిమీట నొక్కి, ప్రాపర్టీస్‌లోని కస్టమైజ్ విభాగంలో జనరల్ ఐటమ్స్ ఎంచుకోండి. లోపలి ఫోల్డర్లకూ వర్తించమని టిక్కు పెట్టండి. ఆపై డీటెయిల్స్ రూపంలో, పేరు వరుసలో చూడండి. అదీ చాలకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో సూక్ష్మచిత్రాలు అసలే వద్దని చెప్పే గడి ఉంది. లినక్సులో గ్నోమ్ వారి ఫైల్ మేనేజరులోనూ సూక్ష్మచిత్రాలను, ఫోల్డరులోని ఫైళ్ళ లెక్కింపును ఆపే వీలుంది.

సంఖ్య ఎన్నడూ భారం కాదని నేననను. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవులో అది నిజంగా భారమే. అక్కడ పేర్లను మొదటి నుంచి వరుసగా వెతకాలి. ఒక ఫోల్డరులో 65,536 గళ్ళకు మించి ఉండవు. పొడవైన పేరుకు 13 సంకేతాలకొక గడి చొప్పున అదనంగా ఖర్చవుతుంది. మన కంటికి రెండక్షరాలైన 'లక్ష్మి' యూనికోడులో ఏడు సంకేతాలు! తెలుగు పేర్లు పెట్టుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో కూడా ఒకే ఫోల్డరులో 3,00,000 ఫైళ్ళకు చేరితే 8.3 పొట్టిపేర్ల సృష్టిని ఆపమని మైక్రోసాఫ్టే సూచిస్తుంది. మన 10,080 పుటలు ఆ దరిదాపుల్లో లేవు.

సంవత్సరానికొక ఫోల్డరు చేసుకోవద్దనీ అనను. చదువరికి అది సౌకర్యమైతే నిక్షేపంగా చేసుకోవచ్చు. కానీ తెరమీది కార్యక్రమం అలిగిందని, సంచికల వరుసను తెగ్గొట్టి అయిదువందలేసి పుటల కట్టలుగా విడగొట్టడం ఏం న్యాయం? యంత్రం మన అమరికకు లోబడాలి. మన అమరిక దాని విసుగుకు లోబడరాదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది రెండవ సలహా. చెదలు తిన్న సంచికకు, అట్ట ఊడిన పుస్తకానికి ఒక్కోసారి మిగిలిన ఆనవాలు ఆ స్కాను చేసిన బొమ్మే. అది ఇంకెవరి దగ్గరైనా ఉందో లేదో చెప్పగలవారెవరు? ఫోల్డరు తెరుచుకోవడం లేదని దాన్ని చెరిపివేయడం ఎలుకమీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. పైగా కాగితాన్ని తిన్న చెదకు ఆకలన్న సాకైనా ఉంది. మన చేతిలోని డిలీట్ మీటకు ఏ సాకు చెబుతాం? ఆ మీట మీదికి వేలు పోయినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. సూక్ష్మచిత్రాలను ఆపి, ఫోల్డరును మళ్ళీ తెరవండి. మద్దెల బాగానే ఉందని తెలుస్తుంది.