చెప్పులకు కాపలా

అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి బెజవాడ బాటన బయలుదేరిన కుటుంబానికి సముద్రం కనబడాలంటే మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేయాలి. చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ దాటి, బెజవాడ మీదుగా బందరు చేరి, అక్కడినుంచి మంగినపూడికి పోవాలి. తెలంగాణకు సముద్రతీరం లేదు. అందుచేత వేసవి సెలవులలో సముద్రాన్ని చూచి రావడం ఈ ప్రాంతపు పిల్లలకు చిన్న సంగతి కాదు. ఇంటిలోని నాయనమ్మకు అంతకంటె పెద్ద సంగతి. ఆమె అరువది ఏండ్లుగా సముద్రమనే మాట విన్నదే గాని కంట చూచి ఎరుగదు.

తీరం చేరిన తరువాత జరిగేది అందరికీ తెలిసినదే. పిల్లలు నీటిలోకి పరుగెత్తుతారు. తండ్రి ఫోను పైకెత్తుతాడు. నాయనమ్మ ఇసుకలో ఒక పక్కన కూర్చుండి ఇంటిల్లిపాది చెప్పులకు, సంచులకు, తువ్వాళ్లకు కాపలా కాస్తుంది. సాయంత్రానికి ఆ ఫోనులో రెండు మూడు వందల ఫొటోలు చేరుతాయి. వాటిలో ఆమె ఎన్నింటిలో ఉన్నదో ఎవరూ లెక్కపెట్టరు.

సెల్‌ఫోను వచ్చి అంతా చెడిపోయినదనే వాదం పెద్దలలో తరచు వినబడుతున్నది. అది సగమే నిజం. ఒకప్పుడు మన దేశంలో విరివిగా వాడిన ఆగ్ఫా క్లిక్ 3 కెమేరాలో 120 నంబరు ఫిల్ము వేస్తే పన్నెండు ఫొటోలు మాత్రమే వచ్చేవి. ఫిల్ముకు డబ్బు, కడిగించడానికి డబ్బు, అచ్చులకు డబ్బు. కనుక మీట నొక్కకముందే ఎవరెవరు నిలబడాలనే విచారణ జరిగేది. పెద్దలు నడుమ కుర్చీలలో, పిల్లలు నేలమీద, తక్కినవారు వెనుక. ఆ ముఖాలలో నవ్వు తక్కువ, బిగువు ఎక్కువ. అయినా ఇంటివారిలో ఎవరూ తప్పిపోయేవారు కారు. (కెమేరా పట్టినవాడు మాత్రం అప్పుడూ తప్పిపోయేవాడు.) అసలు కెమేరాయే లేని ఇండ్లు ఎన్నో ఉండేవి. ఆ ఇండ్లవారు పట్నంలోని స్టూడియోకు పోయి, పడవనో కొబ్బరిచెట్లనో చిత్రించిన తెర ముందు నిలిచి ఫొటో దిగేవారు. నేడు నిజమైన సముద్రం దాకా పోయినవారు దానినే వీపు వెనుక తెరగా మార్చుకొంటున్నారు.

అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోనే, 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ ఉన్నది. ఎక్కడెక్కడినుంచో వచ్చినవారు అక్కడ సినిమాకోసం కట్టిన వీధులలో ఫొటోలు దిగుతారు. తప్పు లేదు, ఆ గోడలు అందుకే కట్టినవి. సముద్రం అందుకు పుట్టలేదు.

హైదరాబాదు వారికి ఈ విషయంలో ఒక మంచి పూర్వకథ ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్, 1892లో స్త్రీలకై ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. పరదా దాటి రానివారికి ఫొటో ఎట్లా తీస్తామని ఊరకుండక, వారు రాగల చోటును కల్పించాడు. ఆయన తీసిన రాజప్రాసాదాల చిత్రాలకంటె ఈ ఏర్పాటే ఎక్కువ మెచ్చదగినది. నేటి ఇసుకతిన్నెమీద పరదా లేదు, చెప్పులున్నవి.

2014లో ప్రచురితమైన ఒక పరిశోధనలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ కొందరిని మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఊరక చూడమని, కొన్నింటిని ఫొటో తీయమని చెప్పింది. మరునాడు పరీక్షించగా, ఫొటో తీసిన వస్తువులే తక్కువగా జ్ఞాపకమున్నవి. అయితే వస్తువులోని ఒక భాగాన్ని దగ్గరకు తెచ్చుకొని తీసినప్పుడు ఆ నష్టం కలుగలేదు. సెలవులలో చూచిన సముద్రాన్ని గురించి వ్యాసం వ్రాయమంటే మూడు వందల ఫొటోల పిల్లవాడు మూడు వాక్యాలతో ఆగిపోవడానికి ఇది ఒక కారణం కావచ్చును.

ప్రాణభయమూ ఉన్నది. 2018లో మన దేశపు వైద్యులు వార్తల ఆధారంగా ప్రకటించిన పరిశీలన ప్రకారం, 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు వరకు ప్రపంచంలో సెల్ఫీలు తీసుకొంటూ 259 మంది మరణించారు. నీట మునిగినవారే అందులో ఎక్కువ. వీపు తిప్పి నిలబడినవానికి వచ్చే అల కనబడదు.

ఇక నాయనమ్మ సంగతి. ఇంటి పెద్దదిక్కు పోయిన తరువాత, కర్మనాటికి గోడకు ఫొటో కావాలి. వేల ఫొటోలు వెదకినా ఆమెది ఒక్కటీ సరిగా చిక్కదు. ఏదో పెండ్లి గ్రూపు ఫొటోలో రెండవ వరుసలోని ముఖాన్ని కత్తిరించి, పెద్దది చేయించి, భుజంమీద పడిన ఇంకొకరి చేతిని చెరిపించి, పటం కట్టిస్తారు. దండ పడేది ఆ ముఖానికే. సముద్రం చూచిన రోజున ఆమె ముఖం ఎట్లున్నదో మనుమలకు తెలియదు.

మన తీరంలో సముద్రం తూర్పున ఉన్నది. ఉదయం సముద్రానికి వీపు పెట్టి నిలబడితే సూర్యుడు వెనుకబడి ముఖాలు నల్లబడతాయి. సాయంత్రం నేలవైపునుంచి వాలుగా వచ్చే ఎండ ముఖాలమీద పడుతుంది. ఆ వెలుగున్న కాసేపు చెప్పులను కొడుకో కోడలో కాయవచ్చును. ఫోను పదేండ్ల మనుమరాలి చేతికి ఇవ్వవచ్చును. నాయనమ్మ మొదట వద్దంటుంది, చీర తడుస్తుందంటుంది. తరువాత మనుమని చేయి పట్టుకొని దిగుతుంది. అల వచ్చి పాదాలను తాకినప్పుడు ఆ పిల్ల తీసిన ఫొటోను కాగితంమీద వేయించి, వెనుక నాయనమ్మ పేరు, ఊరు, తేది వ్రాసి తెమ్మనడం, బడి తెరచిన వారంలో తెలుగు పంతులుగారు ఇవ్వదగిన ఇంటిపని.