పాఠం ఆడపిల్లలకేనా?

సినిమాలు, సీరియళ్లు, ప్రకటనల్లోని మూస చిత్రణలను, అంటే ఆడది ఇలాగే ఉండాలి, ఈ పనులే చేయాలి అంటూ ఒకే అచ్చులో పోసిన బొమ్మలను, గుర్తుపట్టడం ఆడపిల్లలకు చిన్నప్పుడే నేర్పాలన్న వాదన పైకి ఎంత అభ్యుదయంగా కనిపించినా, ప్రసారకర్తల మీద చట్టం ఎప్పుడో పెట్టిన బాధ్యతను తెచ్చి పదేళ్ల పిల్లల నెత్తిన వేస్తోంది. స్త్రీలలోని అణకువను, లొంగుబాటును నొక్కిచెబుతూ కుటుంబంలోనూ సమాజంలోనూ వారిని రెండో స్థానానికి నెట్టే ప్రకటనలు ఉండరాదని 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నిబంధనల్లోని 7వ నిబంధన చెబుతుండగా, ఈ చర్చ చేసేవారు దాని ఊసే ఎత్తరు.

బట్టల సబ్బుపొడి ప్రకటనల్లో తరచూ కనిపించే వరస చూస్తే, పిల్లవాడు యూనిఫాం నిండా బురదతో ఇంటికొస్తాడు, తల్లి నవ్వుతూ బకెట్టు అందుకుంటుంది, తండ్రి పేపర్లోంచి తలెత్తి చొక్కా తెల్లదనాన్ని మెచ్చుకుంటాడు, ఏ పొడి మేలో తేల్చిచెప్పే గొంతు మగవాడిదై ఉంటుంది. 7వ నిబంధన రాసింది సరిగ్గా ఇలాంటి చిత్రణ గురించే. యూనిసెఫ్, మీడియాలో జెండర్ చిత్రణను పరిశోధించే గీనా డేవిస్ సంస్థ కలిసి 2019 నాటి భారతీయ ప్రకటనలు వెయ్యికి పైగా పరిశీలించినప్పుడు, తెర మీది సమయంలో 59.7 శాతం స్త్రీ పాత్రలదేనని, అయినా వాటిలో మూడింట రెండు వంతులు తెల్లని లేదా ఓ మోస్తరు తెల్లని మేని రంగువేనని తేలింది కనుక, తెర మీద ఆడవాళ్లు పెరిగితే చాలునన్న మాటకూ విలువ లేదు.

పిల్లలకు పాఠం అక్కర్లేదని ఎవరూ అనరు, ఫోన్‌లో చూసే వీడియోలకు కేబుల్ నిబంధన వర్తించదన్నదీ నిజమే. అయితే ఆ పాఠం ఆడపిల్లలకే ఎందుకు? 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించిన దేశంలో, పేపరు దించని ఆ తండ్రిని చూసి నేర్చుకునేది పక్కనే కూర్చున్న మగపిల్లవాడు. తెలుగు అకాడమి 2015లో ప్రచురించిన జెండర్ పాఠ్యపుస్తకం తెలంగాణ ఇంజనీరింగ్ విద్యార్థుల ముందుకు వచ్చినప్పుడు అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే చదివారు. బడికి వచ్చేసరికి మాత్రం ఆ వివేకం మాయమవుతోంది.

తెర మీద ఏది తప్పో పసిగట్టే పని అమ్మాయికి అప్పగించి, ఆ తప్పును ప్రసారం చేసినవారిని, దాన్ని ఆపాల్సిన అధికారులను వదిలేయడం సాధికారత ముసుగులో సాగుతున్న పలాయనం. బడిలో చెప్పే పాఠంలో 7వ నిబంధన ఉండాలి, ఫిర్యాదు రాసే పద్ధతి ఉండాలి, ఆ తరగతిలో మగపిల్లలూ ఉండాలి. వీటన్నిటికంటే ముందు, స్త్రీల చిత్రణపై 1994 నుంచి ఉన్న ఆ నిబంధన కింద ఇన్నేళ్లలో ఎన్ని ప్రకటనలను ఆపిందో కేంద్ర సమాచార, ప్రసార శాఖ ప్రజలకు లెక్క చెప్పాలి.